పొరపాటు పడే డిటెక్టివ్

కోలిన్ డెక్స్టర్ రెండో నవల 'లాస్ట్ సీన్ వేరింగ్'లో ఒక బడిపిల్ల మధ్యాహ్నం ఇంట్లో భోంచేసి స్కూలుకని బయల్దేరి కనిపించకుండా పోతుంది. రెండేళ్లు దాటాక ఆమె పేరుతో తల్లిదండ్రులకి ఉత్తరం ముక్క ఒకటి వస్తుంది, క్షేమంగానే ఉన్నానని. కేసు చూస్తున్న అధికారి కారు ప్రమాదంలో పోవడంతో ఆ ఫైలు చీఫ్ ఇన్‌స్పెక్టర్ మోర్స్ బల్ల మీదికి చేరుతుంది. తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టడమంటే మోర్స్‌కి చిన్నతనం. హత్య ఉంటే చెప్పండి, చూస్తాను అనే రకం. అందుకని ఫైలు సాంతం చదవకముందే ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు: పిల్ల చచ్చిపోయింది, ఉత్తరం ఎవరో పుట్టించింది. ఇక ఆ నిర్ణయానికి సరిపడా ఒక కథ అల్లుతాడు. ఆ కథకి ఎంత నిగ్గు ఉంటుందంటే, పక్కనున్న సార్జెంట్ లూయిస్ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. అంతలో ఒక చిన్న నిజం ఎదురొస్తుంది, కథ కాస్తా కూలుతుంది. మోర్స్ ఒక పూట ముఖం మాడ్చుకుని, బీరు తాగి, ఇంకో కథ మొదలుపెడతాడు. అదీ అంతే అందంగా ఉంటుంది. దాని గతీ అంతే.

1976లో వచ్చిన ఈ నవల చదివినప్పుడు నాకు కొత్తగా తోచింది సరిగ్గా ఇదే. మా తరానికి డిటెక్టివ్ అంటే తెలిసినవాడు. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, తెల్లారేలోగా తిరిగి ఇచ్చెయ్యాలని రాత్రంతా మేలుకుని చదివిన కొమ్మూరి సాంబశివరావు నవలల్లో యుగంధర్ ఒక మాట అన్నాడంటే దానికి తిరుగు లేదు. షెర్లాక్ హోమ్స్ అయినా, అగాథా క్రిస్టీ పాయిరో అయినా అంతే. వాళ్ళకి మొదటి నుంచీ తెలుసు. మనకి చివర్లో చెబుతారు. ఆ నవలలంటే నాకున్న ప్రేమ ఏమీ తగ్గలేదు. అయితే మోర్స్ వేరే జాతి మనిషి. ఆయనకి తెలియదు. తెలియకపోయినా ఊహించకుండా ఉండలేడు. ఊహ తప్పితే సిగ్గుపడతాడు కానీ ఊహించడం మానడు. నిజం దొరికే సమయానికి ఆయన వెనక పాడుబడ్డ మేడలు మూడో నాలుగో ఉంటాయి.

మోర్స్ నవలల మీదా టీవీ సినిమాల మీదా వచ్చిన, నేనిప్పుడు ముందుమాట రాస్తున్న ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆ పాడుబడ్డ మేడల్లోనే తిరిగింది. అందుకే నాకు ఈ పుస్తకం అంతగా నచ్చింది. డిటెక్టివ్ నవలల గురించి రాసేవాళ్ళు సాధారణంగా అసలు హంతకుణ్ణి ఎలా పట్టుకున్నారో విప్పి చూపిస్తారు. ఈమె ఆ పని ముట్టుకోలేదు. ఒక్కో నవలలోనూ మోర్స్ మొదట కట్టిన అబద్ధపు కథ ఏమిటి, దాన్ని ఆయన ఎందుకు నమ్మాడు, ఆ నమ్మకంలో ఆయన స్వభావం ఎంత ఉంది అని అడుగుతూ పోయింది. అలా అడిగితే హంతకుడి పేరు బయటపెట్టకుండానే నవలని లోపలిదాకా చూపించవచ్చని నిరూపించింది. చదవనివాళ్ళకి పుస్తకం పాడుచేయలేదు, చదివినవాళ్ళకి మళ్ళీ చదవాలనిపించేటట్టు రాసింది. రెండూ ఒకేసారి కుదరడం తేలిక కాదు.

రచయిత్రి మా పాత మిత్రుడి మనవరాలు. ఇంగ్లండులో రెడింగ్ ఊళ్ళో ఉద్యోగం. అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్‌కి రైల్లో అరగంట. సెలవు దొరికితే చాలు బయల్దేరి, నవలల్లోని వీధుల్ని కాళ్ళతో కొలిచి వచ్చేది. పదమూడు నవలలూ ముప్ఫై మూడు టీవీ సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక దృశ్యం పుస్తకంలో ఎలా ఉంది, తెర మీదికి వచ్చేసరికి ఏమైంది అని ఓపిగ్గా గుర్తులు పెట్టుకుంది. నేను ఆక్స్‌ఫర్డ్ చూడలేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంట్ మీద దొరికిన పాన్ పేపర్‌బ్యాకుల్లోనే చూశాను. ఆక్స్‌ఫర్డ్‌లోని జెరికో పేట మీద ఈమె రాసిన అధ్యాయం చదువుతుంటే, కాలవ గట్టున వరసగా ఉన్న ఆ చిన్న చిన్న ఇటుక ఇళ్ళ మధ్య ఎటు తిరిగితే ఏ సందు వస్తుందో నాకూ తెలిసిపోయింది.

డెక్స్టర్ జీవితం గురించి ఈ పుస్తకంలో ఉన్న అధ్యాయాన్ని తొందరపడి దాటెయ్యవద్దని పాఠకులకి మనవి. 1930లో లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిన్ చదివాడు. కోర్బీ ఊళ్ళో బడిపంతులుగా ఆ భాషలే చెప్పాడు. చెవుడు ముదిరి పిల్లల మాట వినపడక 1966లో పంతులుద్యోగం వదులుకున్నాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపే స్థానిక పరీక్షల బోర్డులో చేరి, 1988లో పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాడు. మొదటి నవల మొదలైంది 1972లో, వేల్స్‌లో. కుటుంబంతో సెలవులకి వెళితే వాన విడవలేదు. చేతికందిన డిటెక్టివ్ నవలలు చదివి, ఇంతకన్నా నేను బాగా రాయగలను అనుకుని కాయితం ముందేసుకున్నాడు. ఆ నవల 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్' 1975లో అచ్చయింది. అప్పటికి ఆయనకి నలభై అయిదు నడుస్తోంది.

పరీక్షల బోర్డులో ఉద్యోగం, చెవుడు, ఈ రెండూ కలిసిన నవల 1977లో వచ్చిన 'ది సైలెంట్ వరల్డ్ ఆఫ్ నికొలస్ క్విన్'. క్విన్ విదేశీ పరీక్షలు నిర్వహించే ఒక సంస్థలో కొత్తగా చేరిన ఉద్యోగి. చెవులు సరిగ్గా వినపడవు, ఎదుటివాడి పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటాడు. అంటే గదికి ఆ చివర, తనకి వినపడదనే ధీమాతో ఇద్దరు గుసగుసలాడుకుంటే ఆ మాట ఇతనికి అందుతుంది. ఇంతటితో ఆగితే మామూలు డిటెక్టివ్ యుక్తే. అయితే డెక్స్టర్ ఆ అవస్థ పడ్డవాడు. పెదవుల మీద ప, బ, మ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయని ఆయనకి అనుభవం. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పాలు, బాలు, మాలు అని చూడండి, తెలుస్తుంది. కంటితో విన్న మాటలో ఆ కాస్త తేడా వస్తే ఒక మనిషి పేరు ఇంకో మనిషి పేరవుతుంది, ఒకడి నేరం ఇంకొకడికి అంటుకుంటుంది. రచయిత తన చెవుడుని జాలి కోసం ఎక్కడా వాడుకోలేదు. కథకి ఇరుసు చేశాడు. ఈ నవల మీద రచయిత్రి రాసిన పేజీలు ఈ పుస్తకంలో అన్నిటికన్నా మంచి పేజీలని నా అభిప్రాయం.

డెక్స్టర్‌కి ఇంకో వ్యసనం క్రాస్‌వర్డ్. మన వారపత్రికల గళ్ళనుడికట్టు లాంటిది కాదు అది. ప్రతి ఆధారమూ చదివేవాణ్ణి మోసం చెయ్యడానికే రాస్తారు. పైకి ఒక అర్థం, లోపల ఇంకోటి. 'అబ్జర్వర్' పత్రికలో ఆ ఆధారాలు రాసే పోటీలుండేవి. వాటిల్లో తనతో పోటీపడినవాళ్ళ పేర్లే తన పాత్రలకి పెట్టుకున్నాడు డెక్స్టర్. మోర్స్ అనే పేరు సర్ జెరెమీ మోర్స్‌ది. ఆయన లాయిడ్స్ బ్యాంకుకి ఛైర్మన్‌గా పనిచేసిన పెద్దమనిషి, క్రాస్‌వర్డుల్లో మహా గట్టివాడు. లూయిస్ అనే పేరు 'మిసెస్ బి. లూయిస్' పేరుతో పోటీలకి రాసే ఒకావిడది. ఈ సంగతి తెలిశాక నవలల నడక ఇంకా బాగా అర్థమవుతుంది. క్రాస్‌వర్డ్ పూర్తిచేసేవాడు ముందు పెన్సిల్‌తో ఒక మాట రాసుకుంటాడు. అడ్డం కుదిరింది కదా అనుకుంటే నిలువు కుదరదు. చెరిపేస్తాడు. మోర్స్ దర్యాప్తు చేసేది ఆ పద్ధతిలోనే. చిక్కల్లా, ఆయన పెన్సిల్ రాతల్లో కొన్నిసార్లు బతికున్న మనిషిని హంతకుడిగా రాసేస్తాడు.

మోర్స్ తప్పుల్లో నన్ను అన్నిటికన్నా కదిలించింది 'ది డెడ్ ఆఫ్ జెరికో'లోనిది. ఒక విందులో పరిచయమైన స్త్రీ మీద ఆయనకి మనసవుతుంది. ఆర్నెల్ల తర్వాత జెరికోలోని ఆమె ఇంట్లోనే ఆమె ఉరికి వేలాడుతూ దొరుకుతుంది. అది తన కేసు కాకపోయినా మోర్స్ అందులో దూరతాడు. ఆమె గతం తవ్వి, సోఫోక్లిస్ రాసిన ఈడిపస్ నాటకంలోని కథే ఈమె జీవితంలోనూ జరిగిందని ఒక సిద్ధాంతం లేవదీస్తాడు. ప్రతి ముక్కా దాని చోటులో అమరుతుంది. లూయిస్‌కి ఈడిపస్ ఎవరో తెలియదు, విని ఆశ్చర్యపోతాడు. ఆ సిద్ధాంతం అంతా తప్పు. గ్రీకు చదువుకున్నవాడు కాబట్టి గ్రీకు కథ కనిపించింది. ప్రేమించినవాడు కాబట్టి ఆమె చావుకి ఒక మహా విషాదం తగినదనిపించింది. పండితుడికి తన పాండిత్యమే కళ్ళకి గంత కట్టడం ఇంత నిక్కచ్చిగా ఇంకెవరూ రాయగా నేను చదవలేదు. రాసినవాడు స్వయంగా గ్రీకు పండితుడే కావడం వల్ల ఆ దెబ్బకి బరువు వచ్చింది.

మోర్స్ చదువు ఆగిపోయిన చదువు. ఆక్స్‌ఫర్డ్‌లోనే సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, ప్రేమలో పడి, పరీక్ష తప్పి, డిగ్రీ లేకుండా బయటికొచ్చాడు. తర్వాత జీవితమంతా ఆ ఊళ్ళోనే, ఆ కాలేజీల గుమ్మాల్లోకి పోలీసుగా అడుగుపెడతాడు. పట్టా ఉన్న ప్రొఫెసర్లు ఆయన్ని పోలీసువాడిగా చూస్తారు. కిడ్లింగ్టన్‌లోని పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లో తోటివాళ్ళు ఆయన్ని ప్రొఫెసరుగా చూస్తారు. ఇంట్లో వాగ్నర్ సంగీతం, హౌస్‌మన్ కవిత్వం, గ్లాసులో విస్కీ. ఒక్కడే మనిషి. ఎవరైనా రిపోర్టులో అక్షరం తప్పు రాస్తే సహించలేడు. శవాన్ని మాత్రం చూడలేడు, రక్తం చూస్తే కడుపులో తిప్పుతుంది. పబ్బుకి తీసుకెళ్ళి బీరు డబ్బులు లూయిస్ చేతే కట్టిస్తాడు. జీతం తక్కువ, ఇద్దరు పిల్లల తండ్రి, లూయిస్ కడతాడు కూడా.

ఇక టీవీ. 1987 జనవరి 6న బ్రిటన్ ఐటీవీలో మొదటి సినిమా వచ్చింది, 'ది డెడ్ ఆఫ్ జెరికో'. నిర్మాత కెనీ మెక్‌బెయిన్. స్క్రిప్టు రాసింది ఆంథొనీ మింఘెల్లా, తర్వాత 'ది ఇంగ్లిష్ పేషెంట్'కి దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాయన. మనకి 'స్లమ్‌డాగ్ మిలియనీర్'తో తెలిసిన డానీ బాయిల్ కూడా ఈ ధారావాహికలో రెండు సినిమాలు తీశాడు. పోలీసు కథంటే గంటలో చుట్టబెట్టెయ్యాలనే రోజుల్లో ఒక్కో కథకి రెండు గంటలు ఇచ్చారు. ఆ రెండు గంటల్లో ఏం చేశారన్నది ముఖ్యం. మోర్స్‌ని ఊరికే కూర్చోబెట్టారు. రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకోనిచ్చారు. కాలేజీ ప్రాంగణంలో ఎండ గోడల మీద ఎలా జారుతుందో చూపించారు. పొరపాటు పడటానికి వ్యవధి కావాలి. గంట కథలో డిటెక్టివ్‌కి తప్పు చేసే తీరిక ఉండదు. ఈ మాట రచయిత్రిది. నేను అక్షరాలా ఒప్పుకుంటాను.

మోర్స్ వేషం వేసిన జాన్ థా అంతకుముందు 'ది స్వీనీ' అనే ధారావాహికలో మొరటు పోలీసుగా పేరు తెచ్చుకున్నవాడు. తలుపులు తన్నే పోలీసు. అలాంటివాణ్ణి తెచ్చి సంగీతం వినే పోలీసుని చెయ్యడం అప్పట్లో సాహసమే. ఆయన ఏం చేశాడో చూడండి. శవపరీక్ష చేసే డాక్టర్ మ్యాక్స్ శవం మీది దుప్పటి ఎత్తుతాడు. మోర్స్ ఆ పక్కకి చూడడు. గోడకేసో, కిటికీకేసో చూస్తూ, ఎప్పుడు పోయింది, దేనితో కొట్టారు అని అడుగుతాడు. గొంతులో అధికారం ఉంటుంది, మెడ మాత్రం ఇటు తిరగదు. మ్యాక్స్‌కి అది తెలుసు, చిన్నగా నవ్వుకుంటాడు, దుప్పటి మళ్ళీ కప్పుతాడు. అప్పుడు మోర్స్ తిరుగుతాడు. పుస్తకంలో డెక్స్టర్ ఒక పేరాలో చెప్పిన భయాన్ని థా మెడ తిప్పడంతో చెప్పాడు. రచయిత్రి ఇలాంటి చిన్న చేష్టల్ని ఏరి ఒక అధ్యాయమంతా రాసింది. నటన గురించి తెలుగులో రాసేవాళ్ళు హావభావాలు అద్భుతం అని ఒక్క మాటతో సరిపెట్టడం చూసి విసిగిపోయిన నాకు ఆ అధ్యాయం పండగ.

సంగీతం సంగతి నేను చెప్పాలి, ఎందుకంటే నేను టెలిగ్రాఫ్ ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ణి. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బ్యారింగ్టన్ ఫెలూంగ్ ఈ ధారావాహికకి బాణీ కట్టాడు. మొదట్లో తంత్రుల మీద సన్నగా ఒక లయ వినిపిస్తుంది: రెండు పొడుగు, ఆగి మూడు పొడుగు, తర్వాత పొట్టి పొడుగు పొట్టి, మూడు పొట్టి, చివర ఒంటరిగా ఒక పొట్టి. గురు లఘువులు విడదీసి చదివే పద్యంలా అది. మోర్స్ కోడ్ తెలిసినవాళ్ళకి అందులో ఎమ్, ఓ, ఆర్, ఎస్, ఈ అక్షరాలు వరసగా వినిపిస్తాయి. అంటే మనిషి పేరే పాట. కొన్ని సినిమాల్లో నేపథ్య సంగీతంలోకి హంతకుడి పేరు కూడా ఇలాగే దూర్చాడట. ఒక్కోసారి కావాలని తప్పు పేరు పెట్టేవాడట. క్రాస్‌వర్డుల మనిషి రాసిన కథకి ఇంతకన్నా తగిన సంగీతకారుడు దొరకడు.

పుస్తకాన్ని తెరకెక్కించినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండే తీర్పులిస్తారు. పుస్తకాన్ని పాడుచేశారనో, పుస్తకం కన్నా బాగుందనో. ఇక్కడ జరిగింది ఇంకోటి. నవలలో లూయిస్ వేల్స్ వాడు, మోర్స్ కన్నా వయసులో పెద్ద. టీవీలో కెవిన్ వేట్లీ రాగానే ఇంగ్లండు ఈశాన్యపు యాసతో మాట్లాడే చిన్నవాడయ్యాడు. నవలలో మోర్స్‌ది లాన్సియా కారు, టీవీలో ఎర్ర జాగ్వార్. డెక్స్టర్ నొచ్చుకోలేదు. తర్వాతి నవలల్లో లూయిస్ వయసు తగ్గించాడు, మోర్స్‌కి జాగ్వార్ కొనిపెట్టాడు, థా గొంతులో పలికే మాటలే రాశాడు. 1987 ఆఖర్లో 'ది వుల్వర్‌కోట్ టంగ్' అని ఒక టీవీ సినిమా వచ్చింది. సాక్సన్ కాలపు నగ ఒకటి, దాన్ని మ్యూజియానికి ఇద్దామని వచ్చిన అమెరికన్ యాత్రికురాలు, ఆమె చావు. డెక్స్టర్ ఇచ్చిన ఇతివృత్తం మీద జూలియన్ మిచెల్ రాశాడు. నాలుగేళ్ళ తర్వాత అదే ఇతివృత్తాన్ని డెక్స్టర్ వెనక్కి తీసుకుని, మలుపులు మార్చి, 'ది జ్యూయెల్ దట్ వజ్ అవర్స్' అనే నవల చేశాడు. పుస్తకం తెరకి ఇచ్చింది, తెర పుస్తకానికి ఇచ్చింది. అంతేకాదు, ఆయన దాదాపు ప్రతి సినిమాలోనూ ఏదో మూల ఒక్క క్షణం కనిపిస్తాడు, పబ్బులో గ్లాసు పట్టుకునో, కాలేజీ దారిన నడుస్తూనో. రచయితకి ఆ బృందంతో ఎంత స్నేహమో అది చెబుతుంది.

ఒక విషయంలో టీవీ మేలు చేసిందని రచయిత్రి నిర్మొహమాటంగా రాసింది. తొలి నవలల్లో ఆడవాళ్ళ మీద మోర్స్ చూపు, కొన్నిచోట్ల రచయిత చూపు కూడా, చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. 'లాస్ట్ బస్ టు వుడ్‌స్టాక్'లో హత్యకి గురైన పిల్ల గురించి మాట్లాడుకునే తీరు డెబ్బైల నాటి మగవాళ్ళ తీరు. కాలం అలాంటిది అని సర్దిచెప్పడం నాబోటి ముసలివాళ్ళకి అలవాటు. ఈ అమ్మాయి సర్దిచెప్పలేదు. ఏ వాక్యం ఎందుకు తప్పో చూపించింది, చూపించాక కూడా నవలని చేత్తో అవతలికి నెట్టలేదు. థా మోర్స్‌లో ఆ చూపు పోయి దాని చోట బెరుకు వచ్చింది. ప్రతి కథలోనూ ఎవరో ఒకరిని ఇష్టపడి, చెప్పలేక ఇంటికి వెళ్ళే మనిషయ్యాడు. తెర చేసిన మార్పుల్లో అన్నిటికన్నా విలువైంది అదే.

రచయిత్రితో నేను ఒక్కచోట విభేదిస్తాను. మోర్స్ తర్వాత లూయిస్ పేరుతో ఇంకో ధారావాహిక 2006 నుంచి 2015 దాకా నడిచింది. 2012లో మోర్స్ యవ్వనం మీద 'ఎండెవర్' మొదలై 2023లో ముగిసింది. దాని ముప్ఫై ఆరు కథలూ రస్సెల్ లూయిస్ ఒక్కడే రాశాడు. కుర్ర మోర్స్‌గా షాన్ ఎవన్స్, పెద్ద అధికారి థర్స్‌డేగా రోజర్ అల్లం. జాన్ థా కూతురు అబిగైల్ కూడా పత్రికా సంపాదకురాలిగా నటించింది. 1960ల ఆక్స్‌ఫర్డ్‌ని కళ్ళకి కట్టించారు. ఇదంతా నిజమే. రచయిత్రి దీన్ని అసలు మోర్స్ పక్కన సమానంగా కూర్చోబెట్టింది. నాకు అంత దూరం మనసొప్పదు. ఆ కుర్రాడు మరీ ఎక్కువసార్లు కరెక్టు. చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మకపోయినా చివరికి అతను చెప్పిందే నెగ్గుతుంది. అది పాత డిటెక్టివ్ దారి. డెక్స్టర్ ఆ దారి వదలబట్టే కదా మనం ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం. దీనికి ఆమె దగ్గర జవాబు ఉందని నాకు తెలుసు, పదకొండో అధ్యాయంలో చదవండి. నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను.

డెక్స్టర్‌కి గౌరవాలకి లోటు రాలేదు. క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ వాళ్ళ వెండి బాకు రెండుసార్లు, బంగారు బాకు రెండుసార్లు, 1997లో జీవిత సాఫల్యానికిచ్చే వజ్రపు బాకు. మోర్స్ మొదటి పేరు ఎండెవర్ అని 1996 నవలలో గానీ బయటపెట్టలేదు. తల్లి క్వేకర్ మతస్థురాలు, తండ్రికి నావికుడు కెప్టెన్ కుక్ అంటే ఆరాధన, కుక్ ఓడ పేరే కొడుక్కి పెట్టారు. 1999లో 'ది రిమోర్స్‌ఫుల్ డే' రాసి మోర్స్‌ని చంపేశాడు. మరుసటి ఏడు నవంబర్ 15న అది తెర మీదికి వచ్చింది. పోయేముందు మోర్స్ లూయిస్‌కి తన కృతజ్ఞత చెప్పమంటాడు. పదమూడు నవలల్లో బీరు డబ్బులు కట్టించుకున్న మనిషి, ముఖాముఖి ఒక్కసారీ సరిగ్గా చెప్పనివాడు. ఆ సమయానికి లూయిస్ అక్కడ ఉండడు. జాన్ థా 2002 ఫిబ్రవరిలో అరవయ్యేళ్ళకే పోయాడు. డెక్స్టర్ 2017 మార్చిలో, ఎనభై ఆరేళ్ళకి.

కొత్తగా చదవబోయేవాళ్ళకి ఒక సలహా. మొదటి నవలతో మొదలుపెట్టకండి. 'ది డెడ్ ఆఫ్ జెరికో' చదవండి, వెంటనే ఆ సినిమా చూడండి, తర్వాత ఈ పుస్తకంలో ఆ అధ్యాయానికి రండి. అక్కణ్ణుంచి మీ దారి మీకు దొరుకుతుంది.

రచయిత్రికి నా కోరిక ఒకటుంది. బంగారు బాకు తెచ్చిన 'ది వెంచ్ ఈజ్ డెడ్' (1989) నువ్వు తెలుగు చెయ్యాలమ్మా. కడుపులో పుండుతో ఆస్పత్రిలో పడివున్న మోర్స్‌కి, అదే వార్డులో పోయిన ఒక పెద్దాయన రాసిన చిన్న పుస్తకం ఆయన భార్య తెచ్చి ఇస్తుంది. 1859లో ఆక్స్‌ఫర్డ్ కాలవ మీద సరుకు పడవలో ఒంటరిగా ప్రయాణం చేసిన ఆడమనిషి హత్య, దానికి ఉరికంబమెక్కిన పడవవాళ్ళు. మంచం దిగకుండానే మోర్స్ ఆ పాత తీర్పుని తిరగదోడతాడు. 1839లో స్టాఫర్డ్‌షైర్‌లో నిజంగా జరిగిన క్రిస్టినా కాలిన్స్ హత్య దీనికి మూలం. కథంతా లాకులు, గట్టు మీద పడవని లాగడం, రాత్రి మజిలీలు, తాగి తగువులాడే సరంగులు. దాదాపు ఆ కాలంలోనే కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించాడు. ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఎక్కిన ముత్తాతలు గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఒంటరి ఆడది పడవలో రాత్రి ప్రయాణం చెయ్యడమంటే ఏమిటో ఆ ఇళ్ళల్లో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ నవల తెలుగులో చదవాలని నాకు చాలా కాలంగా ఆశ. హక్కులు కనుక్కుని వెంటనే మొదలుపెట్టు. రెండో ముందుమాట రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.